పెద్దది పైకి తిప్పు

మా ఖగోళ పరిశోధన సంస్థ వాళ్ళు ఏటా ఒక పుస్తకం వేస్తారు. అందులో మా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి గురించి అరపేజీ రాసిమ్మని నన్నడిగారు. అరపేజీ! ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. సగంతో సరిపెట్టడం మీదే కదా అసలు గొడవంతా జరిగింది! అరపేజీ ఇవ్వను పొమ్మన్నాను. మొత్తం రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే మానెయ్యండి.

నేను శాస్త్రవేత్తను కాను. ఈ సంస్థలో కంప్యూటర్ గది చూసుకునేవాణ్ణి. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు, ఇంకో ఏడాదిలో రిటైరవుతాను. పై అంతస్తుల్లో కూర్చునేవాళ్ళు పంపే లెక్కలను వరుసలో పెట్టి మెషిన్ల మీద నడపడం, మెషిన్లు వేడెక్కకుండా చూడటం, పాత టేపులను ఎవరూ పారెయ్యకుండా కాపలా కాయడం నా పని. గది నేలమాళిగలో ఉంటుంది. ఎండాకాలంలో కూడా స్వెట్టర్ లేకుండా పది నిమిషాలు నిలబడలేరు. ఫ్యాన్ల హోరుకి పక్క మనిషి మాట వినిపించదు. అందుకే నాకు గట్టిగా మాట్లాడటం అలవాటైంది. కోపం మాత్రం పుట్టుకతో వచ్చిందే.

ఐదేళ్ళ కిందట ఒక ఉదయం ఆ అమ్మాయి మెట్లు దిగి నా గదికి వచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు. సన్నగా, ఎత్తుగా ఉంది, చేతిలో కొత్త గుర్తింపు కార్డు.

"బాబాయ్, నా లెక్కలు ఏ మెషిన్ మీద నడుస్తాయి? ఒక్కసారి చూపిస్తారా?" అంది.

నేను నోరెళ్ళబెట్టాను. ముప్పై ఏళ్ళలో నా గదికి చూడటానికి వచ్చినవాళ్ళు ఇద్దరే. ఈ అమ్మాయి ఒకతె. ఇంకొకాయన ఇప్పుడు ఆమె విభాగానికి అధిపతి. నాకంటే ఏడేళ్ళు చిన్నవాడైనా అందరికీ పెద్దాయనే, కాబట్టి నాకూ పెద్దాయనే. కుర్రవాడిగా చేరిన రోజుల్లో ఆయన కూడా రోజూ కిందికొచ్చి, నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, తన లెక్క ఎంతవరకు వచ్చిందో చూసుకుని మురిసిపోయేవాడు. ఒకరోజు నుంచి రావడం మానేశాడు. ఎందుకో నాకు తెలియదు, నేనూ అడగలేదు. ఈ గొడవ తేలేదాకా మళ్ళీ మెట్లు దిగినట్టు నాకు గుర్తు లేదు.

అమ్మాయికి మెషిన్ చూపించాను. దాని మీద అరచెయ్యి పెట్టి, "బాగా పని చెయ్యి తల్లీ" అంది. సరే, దీనికి కొంచెం తిక్కుంది అనుకున్నాను. తిక్క కాదు, మొండితనమని ఆర్నెల్లలోనే అందరికీ తెలిసిపోయింది. ఆఫీసులో మొండిఘటం అని పేరు పెట్టారు. మిగతావాళ్ళు వెనక అనేవాళ్ళు. నేను ఎదురుగానే అనేవాణ్ణి, తనూ పలికేది.

ఆమె చేసే పరిశోధన ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా ఆమే. ఒకరోజు క్యాంటీన్‌లో అడిగాను. సంచిలోంచి దారం తీసి, దానికి గుండీ గుచ్చి, ఒక కొస వేళ్ళతో పట్టుకుని గిరగిరా తిప్పింది.

"కొత్తగా పుట్టే నక్షత్రం చుట్టూ వాయువూ ధూళీ పళ్ళెంలా తిరుగుతుంటాయి బాబాయ్. అదంతా నక్షత్రంలో పడాలి. కానీ తిరుగుతున్నది తిన్నగా లోపల పడదు కదా? ఆ తిరుగుడు ఎక్కడో వదిలించుకోవాలి. పళ్ళెంలో నాటుకుని అయస్కాంత రేఖలుంటాయి, ఈ దారంలాగా. పళ్ళెంతో పాటే అవీ తిరుగుతాయి. వాటి వెంట వాయువు ఇలా జారి బయటికి..."

గుండీ దారం కొసకు జారి, ఊడి, ఎగిరి, పక్క బల్ల దగ్గరున్న అకౌంట్స్ ఆఫీసరు టీలో పడింది. ఆయన కప్పులోకి చూసి, మా వైపు చూసి, ఏమనాలో తెలియక స్పూనుతో గుండీ తీసిచ్చాడు.

"అదిగో, అలా పోతుంది" అంది అమ్మాయి. "పోతూ పోతూ తిరుగుడుని పట్టుకుపోతుంది. పళ్ళానికి అటూ ఇటూ ధారలు కడుతుంది, పక్కల నుంచి గాలిలా వీస్తుంది. అది పోతేనే మిగిలింది లోపల పడుతుంది. ఆ ధార లేకపోతే నక్షత్రమే లేదు."

నాకు భలే నచ్చింది. ఆ రోజు నుంచి ఆమె లెక్క మెషిన్ మీద ఉంటే నాకు ప్రత్యేకంగా ఒక కన్ను దాని మీద ఉండేది.

ఇప్పుడు సగం సంగతి చెప్పాలి. పళ్ళానికి పైనొక ధార, కిందొక ధార. మా సంస్థలో ఇరవై ఏళ్ళుగా పై సగం మాత్రమే లెక్క కడతారు. కింది సగం లెక్క కట్టరు. పైన వచ్చినదాన్నే అద్దంలో చూసినట్టు కింద అతికించేస్తారు. సగం పనితో మొత్తం బొమ్మ. ఈ పద్ధతి పెట్టింది పెద్దాయన. ఆయనకు పేరొచ్చింది కూడా దాని మీదే. సంస్థ ముందు హాల్లో గోడకు నిలువెత్తు బొమ్మ ఉండేది. నడుమ పళ్ళెం, పైకి ఒక ధార, కిందికి అచ్చం అలాంటిదే ఇంకొకటి. వచ్చిన అతిథులందరూ దాని ముందు ఫొటోలు దిగేవాళ్ళు.

ఆ బొమ్మ గురించి ఒక రహస్యం నాకూ హాలు శుభ్రం చేసే ఆయమ్మకూ మాత్రమే తెలుసు. గోడకు సున్నం వేసినప్పుడు దించిన బొమ్మను ఆయమ్మ తిరిగి తగిలించేటప్పుడు తలకిందులుగా తగిలించింది. మర్నాడు దుమ్ము దులుపుతూ, వెనక అంటించిన చీటీ తలకిందులుగా ఉండటం తనే గమనించి, "అయ్యా, నా కొంప మునుగుతుందా?" అని నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "ఎవరైనా అడిగితే సరిచేద్దాంలే" అన్నాను. మూడేళ్ళయింది. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. దాని ముందు ఎంతమంది శాస్త్రవేత్తలు ఎన్ని ఉపన్యాసాలిచ్చారో! ఈ సంగతి మొండిఘటానికి చెప్పాను, నవ్వుతుందనుకుని. ఆమె నవ్వలేదు.

"మా అమ్మ కుట్టుపని చేస్తుంది బాబాయ్," అంది. "బట్ట మడిచి ఒకేసారి రెండు సగాలూ కత్తిరిస్తే పని తొందరగా అవుతుంది. మా అమ్మ అలా చెయ్యదు. రెండు భుజాలకీ వేరువేరుగా టేపు పెడుతుంది. ఒకే ఎత్తులో రెండు భుజాలున్న మనిషిని ఇంతవరకూ చూళ్ళేదంటుంది. మనిషికే లేనప్పుడు, అంత పెద్ద పళ్ళానికి పైనా కిందా ఒకేలా ఎలా ఉంటుంది?"

ఆ మధ్యాహ్నమే పెద్దాయన గదికి వెళ్ళి అడిగింది. నేను అప్పుడు అక్కడ ప్రింటరు బాగుచేస్తున్నాను, అంతా విన్నాను.

"సార్, కింది సగం కూడా లెక్క కడదాం."

"ఎందుకమ్మా? పైన ఏముంటే కిందా అదే ఉంటుంది. మనకెప్పుడూ అలాగే వచ్చింది."

"మనం అలాగే పెట్టాం కాబట్టి అలాగే వచ్చింది సార్. టెలిస్కోపుల్లో చూస్తే కొన్నిటికి ఒక ధార పొడుగ్గానూ ఇంకోటి పొట్టిగానూ ఉంటోంది."

"ధూళి అడ్డమొచ్చి అలా కనబడుతుంది. వెళ్ళి పని చూసుకో."

వెళ్ళింది. వెళ్ళి, తన వంతు మెషిన్ సమయమంతా కూడబెట్టుకుని, పై సగం కింది సగం రెండూ కలిపి లెక్క పెట్టింది. ఆకాశంలో అయస్కాంతం పైకీ కిందికీ గీత గీసినట్టు సమానంగా ఎందుకుంటుందని, మొదట్లోనే దాన్ని ఒక వైపు కొంచెం ఎక్కువ, ఒక వైపు కొంచెం తక్కువ పెట్టింది. నలభై రోజులు నడిచింది. ఫలితం చూస్తే పైకి పెద్ద ధార, కిందికి ఉందా లేదా అన్నట్టు చిన్న ధార. ఒంటి వైపు గాలి. అమ్మాయి సంతోషం పట్టలేక నా గదిలో స్టూలు మీదికెక్కి చప్పట్లు కొట్టింది.

పెద్దాయన మాత్రం ఒంటికాలి మీద లేచాడు.

"ఇది గాలీ కాదు, ధారా కాదు. నీ ప్రోగ్రాంలో తప్పు. మెషిన్ అంకెల్ని పైనుంచి కిందికి కూడుతుంది. చివరి అంకెలో వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడానే పెరిగి పెరిగి పైకి తన్నింది. ఈ మాత్రం తెలియకుండా ఐదేళ్ళు ఏం చేశావ్?"

అది వట్టి బెదిరింపు కాదు. అలాంటి తప్పులు నిజంగానే జరుగుతాయి, నేనూ చూశాను. కానీ ఆ వెంటనే ఆయన అన్న మాట ఉంది చూశారూ, దానికి నేను ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. ఆమెది ఐదేళ్ళ ఉద్యోగం. పొడిగించాలా వద్దా అని తేల్చే కమిటీ ఐదు వారాల్లో కూర్చుంటుంది. ఆ లోపు ఈ ఒంటి వైపు గాలిని పక్కన పడేసి, పాత పద్ధతిలో అద్దం బొమ్మతో ఆయన రాస్తున్న వ్యాసం కింద ఆమె సంతకం పెట్టాలి. పెడితే పొడిగింపు. పెట్టకపోతే సామాను సర్దుకోవడం. అంతే.

"సంతకం పెట్టను సార్" అంది అక్కడికక్కడే.

"ఆలోచించుకో."

"ఆలోచించే చెప్తున్నా. నాది తప్పో కాదో తేల్చే దారి ఒకటుంది. మొదట్లో పెట్టిన అయస్కాంతాన్ని తలకిందులు చేసి మళ్ళీ నడుపుతా. మెషిన్ తప్పయితే ధార మళ్ళీ పైకే తంతుంది. నా లెక్క నిజమైతే ధార కిందికి తిరుగుతుంది. తాడోపేడో తేలిపోతుంది."

ఆయన, "సరే. కానీ సంస్థ బొమ్మల ప్రోగ్రాంతోనే చూపించాలి. నీ సొంత బొమ్మలొద్దు" అన్నాడు. ఆ ప్రోగ్రాం కూడా ఆయన రాసిందే. అందరూ దాన్నే వాడతారు. ఎనిమిది కోట్ల అంకెలు ఎవడు కూర్చుని చదువుతాడు? అంకెలు అందులో పోస్తే బొమ్మ వస్తుంది, ఆ బొమ్మను అందరూ చూస్తారు. మా వాళ్ళ పని తీరే అది.

మెషిన్ వంతు దొరికేసరికి పన్నెండు రోజులు పోయాయి. ధార ఎటు తిరుగుతుందో తెలిస్తే చాలు కాబట్టి ఆ లెక్కకు ఈసారి పద్దెనిమిది రోజులు చాలు. ఎనిమిదో రోజున పెద్దాయన నాకు ఫోన్ చేశాడు.

"ఆ అమ్మాయి లెక్క ఆపేసి నాది ఎక్కించండి. తొందరగా కావాలి."

"ఆపమంటే ఆపేస్తాను సార్. ఒక కాగితం మీద రాసి, కింద సంతకం చేసి పంపండి."

"ఫోన్‌లో చెప్తున్నాను కదా?"

"వినబడటం లేదు సార్, ఇక్కడ ఫ్యాన్లు హోరు" అని పెట్టేశాను. కాగితం రాలేదు. రాదని నాకు తెలుసు. ఇంకో ఏడాదిలో ఇంటికి పోయేవాణ్ణి, నన్నేం పీకుతారు? లెక్క నడిచింది.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం లెక్క పూర్తయింది. ఆమె, నేను స్క్రీన్ ముందు కూర్చున్నాం. బొమ్మల ప్రోగ్రాం నడిపింది. బొమ్మ మెల్లగా పైనుంచి కిందికి వచ్చింది. ధార పైకే ఉంది. ముందు దానిలాగే, పెద్దది, నిటారుగా, పైకి.

ఆమె ఇంకోసారి నడిపింది. పైకే. మూడోసారి. పైకే. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నాదే తప్పు బాబాయ్" అంది. పక్క గదుల్లో అప్పుడే తెలిసిపోయింది. మొండిఘటానికి గాలి తీసేశారని నవ్వుకున్నారు. ఆ నవ్వినవాళ్ళ పేర్లు రాయాలని ఉంది కానీ వద్దు, ఇప్పుడు వాళ్ళే ఆమెకు ఎదురొచ్చి నమస్కారాలు పెడుతున్నారు.

కమిటీకి ఇంకా ఐదు రోజులుంది. ఆమె బల్ల ఖాళీ చేసుకోవడం మొదలుపెట్టింది.

"సంతకం పెట్టేయ్ తల్లీ, ఉద్యోగమన్నా మిగులుతుంది" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నాది తప్పయితే తప్పని కమిటీ ముందే చెప్తా బాబాయ్. నామోషీ ఏం లేదు. అంతమాత్రాన వాళ్ళ సగం బొమ్మ ఒప్పైపోదు కదా? చూడని దాని కింద నేను సంతకం పెట్టను" అంది.

ఆదివారం పొద్దున ఆమె పుస్తకాల పెట్టెలు నా స్కూటర్ మీద పెట్టుకుని ఇంటికి చేర్చాను. రెండు గదుల ఇల్లు. ముందు గదంతా కుట్టు మిషనే. గోడకు కొలతల కాగితాలు, మూల కత్తిరింపు బల్ల, నేల మీద పీలికలు. వాళ్ళమ్మ మిషన్ మీద స్కూలు యూనిఫాంలు కుడుతోంది. పెట్టెలు చూసి మిషన్ ఆపింది.

"ఇవన్నీ ఎందుకు తెచ్చావే?"

"ఉద్యోగం పోయిందమ్మా. ఇంకా పోలేదు, గురువారం పోతుంది."

కూతురు జరిగిందంతా చెప్పింది. వాళ్ళమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ వింది.

"అంటే నువ్వు తిరగేసి పెట్టినా అది మళ్ళీ పైకే వచ్చింది. అంతేనా?"

"అంతే."

"పైకే వచ్చిందని ఎలా తెలిసింది?"

"బొమ్మలో కనబడింది."

"బొమ్మ చూసి చెప్తున్నావా! బట్ట మొహం చూసి ఏది పైవైపో, ఏది లోపలివైపో చెప్పగలవా? రెండువైపులా ఒకేలా ఉండే బట్టలెన్ని లేవు? అందుకే కదా లోపలివైపు సుద్దతో గీత పెట్టమని నీకు చిన్నప్పటి నుంచి చెప్పింది. పెట్టలేదా?"

"పెట్టానమ్మా." అమ్మాయి గొంతు చిన్నదైంది. "కింది వైపు గుర్తు పెట్టాను. నీ అలవాటే. దానికి బరువుండదు, లెక్కని ఏమీ చెయ్యదు. ఊరికే వాయువుతో పాటు కొట్టుకుపోతుంటుంది."

"మరి చూశావా గీత ఎటుందో?"

చూడలేదని ఆ మొహమే చెబుతోంది. బొమ్మల ప్రోగ్రాం అడగనిదే గుర్తును చూపించదు, ఎవరూ అడగలేదు.

"చదువుకున్నావు గానీ..." అని వాళ్ళమ్మ మిగతా మాట మింగేసి మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. అమ్మాయి నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో మొండిఘటం మళ్ళీ లేచి కూర్చుంది. తెచ్చిన పెట్టెలు అక్కడే పడేసి ఇద్దరం స్కూటర్ ఎక్కాం.

గుర్తుతో సహా బొమ్మ గీయించాం. కింద పెట్టిన గుర్తు పైన ఉంది! ధారతో పాటు పైకి లేచి, ఎర్రటి గీతలా మెరుస్తోంది. కింద పెట్టింది పైకెలా వస్తుంది? అప్పుడు తిన్నగా అంకెల్లోకే వెళ్ళి చూసింది. అంకెల్లో ధార కిందికే ఉంది. నూటికి నూరుపాళ్ళు కిందికి! లెక్క తిరిగింది, ధార తిరిగింది, బొమ్మ మాత్రం మళ్ళీ తిప్పేసింది.

బొమ్మల ప్రోగ్రాం తెరిచి వరుస వరుసా చదివాం. పన్నెండొందల వరుసలు. మధ్యాహ్నం మూడింటికి దొరికింది. ఒక చిన్న వరుస. దాని పక్కన రాసినవాడు తన గుర్తుకోసం పెట్టుకున్న మాటలు: "పెద్దది పైకి తిప్పు." పక్కన పెద్దాయన పొడి అక్షరాలు. ఇరవై రెండేళ్ళ కిందటి తేదీ.

రెండు ధారల్లో ఏది పెద్దదైతే అది బొమ్మలో పైకి వచ్చేలా తిప్పెయ్యమని ఆ వరుస అర్థం. అద్దం పద్ధతిలో రెండూ సమానం కాబట్టి దానికి ఇన్నాళ్ళూ పనే పడలేదు. పడుకుని ఉంది. ఈ అమ్మాయి లెక్కతో నిద్ర లేచింది.

నేను ఎగిరి గంతేశాను. "దొరికాడు! గురువారం వరకు ఎందుకు, ఇప్పుడే పోయి మొహాన కొడదాం పద!" అన్నాను. ఆమె కదల్లేదు. ఆ తేదీనే చూస్తోంది.

"బాబాయ్, అప్పుడాయన వయసెంత?"

"ఇరవై ఎనిమిదో ఏమో. అప్పుడే నా గదికి రావడం మానేశాడు" అన్నాను. అనగానే నాకు ఏదో తట్టింది. ఏమిటో మాత్రం గురువారం దాకా పూర్తిగా అర్థం కాలేదు.

గురువారం పొద్దున పదకొండింటికి కమిటీ కూర్చుంది. పొడుగు బల్ల, పెద్దాయన కాక ఐదుగురు సభ్యులు, వాళ్ళలో అధ్యక్షురాలు బయటి సంస్థ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ప్రొజెక్టర్ నడపడానికి నన్ను పిలిచారు. పిలవకపోయినా వెళ్ళేవాణ్ణి.

అమ్మాయి ముందు మామూలు బొమ్మ చూపించింది. ధార పైకి. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, "చూశారుగా, తిప్పినా పైకే వచ్చింది. మెషిన్ తప్పు" అన్నాడు.

"ఇప్పుడు గుర్తుతో చూడండి" అని ఆమె రెండో బొమ్మ వేయించింది. "ఈ గుర్తు నేను కింద పెట్టాను. మెషిన్‌లో ఇప్పటికీ కిందే ఉంది, అంకెలు మీ ముందు కాగితాల్లో ఉన్నాయి. బొమ్మలో పైన ఉంది. ఎందుకో ఇక్కడుంది."

గోడ మీద ఆ వరుస పడింది. అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని పైకే చదివింది. "పెద్దది పైకి తిప్పు." తర్వాత పొడి అక్షరాలు చదివింది. అందరూ పెద్దాయన వైపు తిరిగారు.

అమ్మాయి గొంతు పెంచలేదు. "సార్, ఒక్కటే అడుగుతాను. రెండు ధారలూ ఎప్పుడూ సమానమే అయితే, పెద్దది పైకి తిప్పే వరుస మీరెందుకు రాశారు?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కానీ పెద్దాయన మొహం చూసి చేతులు ఆగిపోయాయి. ఇరవై రెండేళ్ళ కిందట స్టూలు మీద కూర్చున్న కుర్రవాడి మొహం అది. కాగితాలు సర్దాడు, చివరికి నోరు విప్పాడు.

"ఎందుకంటే నాకూ ఒకటే పెద్దదిగా వచ్చింది. మొదటిసారి మొత్తం లెక్క కట్టినప్పుడు. ధార కిందికి వచ్చింది. బొమ్మ చూడటానికి బాగుంటుందని పైకి తిప్పుకుని, మా గురువుగారికి చూపించాను. ఆయన చూసి, తప్పు లెక్క, బయట చెప్తే నవ్వుతారు అన్నాడు. సగం కట్టి అద్దం పెట్టమన్నాడు."

"మీరేమన్నారు సార్?"

"ఒప్పుకున్నాను."

"నేను ఒప్పుకోను సార్" అంది అమ్మాయి. "మీరు నన్ను పంపించెయ్యొచ్చు. అద్దం వ్యాసం కింద మాత్రం నా సంతకం ఉండదు. ఒంటి వైపు గాలి అలాగే ఉంటుంది, నేనిక్కడున్నా లేకున్నా."

నా పనికి అధిక ప్రసంగం కూడదని తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు. "సార్, మీ పాత లెక్క టేపు నా దగ్గర భద్రంగా ఉంది" అన్నాను వెనక నుంచి. "మూడుసార్లు పారెయ్యమన్నారు. పారెయ్యలేదు."

ఆమె ఉద్యోగం మూడేళ్ళు పొడిగించారు. ఐదుగురూ చేతులెత్తారు. పెద్దాయన ఓటు వెయ్యలేదు, అడ్డూ పడలేదు. అద్దం వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. ఆమెతో మాట్లాడటం మానేశాడు.

మరుసటి వారం ఒక మధ్యాహ్నం నా గది మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పెద్దాయన! స్వెట్టర్ లేకుండా వచ్చి వణుకుతున్నాడు. నాది తీసి ఇచ్చాను. టేపు ఎక్కించి, ఆ వరుస తీసేసి, బొమ్మ గీయించాను. ధార కిందికి దిగింది, పొడుగ్గా, చక్కగా. ఆయన పాత స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఫ్యాన్లు చూడాలన్న వంకతో అటు వెళ్ళిపోయాను. అంతకు ముందు దాకా ఆయన మీద ఉన్న కోపంలో సగం ఆ రోజు పోయింది. మిగతా సగం ఉంది, అది పోదు.

తర్వాత హాల్లో పాత బొమ్మ దించి, అమ్మాయి రెండో లెక్క బొమ్మ పెట్టాలని నిర్ణయించారు. నిలువెత్తు బొమ్మ, పైన బెత్తెడు ధార, కిందికి బారెడు ధార. ఆమె వెనకవైపు సుద్దతో బాణం గుర్తు గీసిచ్చింది. కానీ మా ఆయమ్మ దాన్ని తుడిచిపెట్టి, మంట పైకే పోతుంది కదా అనుకుని, పెద్దది పైకి పెట్టి తగిలించింది.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి హాల్లో గుంపు. గేటు దగ్గర కాపలా ఆయన, అకౌంట్స్ ఆఫీసరు, ఇద్దరు గుమస్తాలు, కమిటీలో జరిగింది విన్నవాళ్ళే అందరూ, ఆయమ్మను పట్టుకుని తలకిందులైంది, తలకిందులైంది అంటున్నారు. పదింటి లోపు ఏడుగురు చెప్పారని ఆయమ్మ లబోదిబోమంది. మూడేళ్ళు ఒక్కరూ అడగని గోడ అది. మొండిఘటం స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, చూస్తూ నిలబడింది. సరిచెయ్యమనలేదు.

పెద్దాయన కారు దిగి లోపలికొచ్చాడు. గుంపు పక్కకు జరిగింది. బొమ్మ ముందు ఆగి తలెత్తి చూశాడు. అమ్మాయిని చూశాడు. తర్వాత ఆయమ్మను పిలిచాడు.

"దించి సరిగ్గా పెట్టమ్మా" అన్నాడు. "పెద్దది కిందికి ఉండాలి."